ఆరు తెరలు, ఒక ఫోను, ముప్పై నాలుగు అట్టముక్కలు

బడి ఒడిశాలో ఉంది. గజపతి, రాయగడ జిల్లాల వైపు, ఆంధ్ర సరిహద్దుకి స్కూటర్ మీద వెళ్ళి రాగలిగినంత దూరం. ఇంతకంటే చెబితే అక్కడివాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఆ పక్క ఇంగ్లీష్ మీడియం బడులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. అందుకని ఊరు, పేర్లు, తరగతి గదులకి ప్యానెళ్ళు (చేత్తో తాకి రాసే పెద్ద తెరలు) అమ్మిన కంపెనీ తీసేశాను. అంకెలు నా నోటుబుక్కులోవి.

నేను చాలా ఏళ్ళు లెక్కల మాస్టారిగా చేసి, ఇప్పుడు చిన్న ప్రైవేటు బడులకి తరగతి గదిలో కంప్యూటరు, ఫోను, బోర్డు ఎలా వాడుకోవాలో చెప్పే పని చేస్తున్నాను. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఇందులో మొదటి రెండు తప్పులూ నావే.

నేపథ్యం

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాజధానిలో ఉండిపోయింది. ఒడిశా పక్కన ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. పిల్లలు వీధిలో, కొట్లో ఒడియా మాట్లాడతారు. బడిలో ఇంగ్లీషు. రెండో భాషగా ఒడియా, మూడో భాషగా హిందీ. తెలుగు మాట గలగలా వస్తుంది కానీ తెలుగు అక్షరం రాదు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత నన్ను ఇదే దెబ్బ తీసింది.

బడి ఎల్‌కేజీ నుంచి ఎనిమిది దాకా. వెనకాలే చిన్న హాస్టలు ఉంది, కొండ ఊళ్ళ నుంచి వచ్చిన సవర గిరిజనుల పిల్లలు అందులో ఉంటారు. రెండేళ్ళ క్రితం మేనేజ్‌మెంట్ మూడు నుంచి ఎనిమిది వరకు ఒక్కో తరగతికి ఒకటి చొప్పున ఆరు ఇంటరాక్టివ్ ప్యానెళ్ళు కొన్నది. 65 అంగుళాలవి. వాటితోపాటు పాఠాల వీడియోల ప్యాకేజీ. అంతా కిస్తీల మీద. తల్లిదండ్రుల దగ్గర స్మార్ట్ క్లాస్ ఫీజు విడిగా తీసుకుంటున్నారు. గేటు మీద ఫ్లెక్సీ కూడా పెద్దదే.

వాళ్ళు చెప్పిన సమస్య

కరస్పాండెంట్ గారు ఫోన్లో చెప్పింది ఇది: "ఏటి సార్, నెలనెలా కిస్తీ కడుతున్నాం, ఆరో క్లాసు లెక్కల మార్కులు కిందకే పోతన్నాయి. మా టీచర్లకి ఆ బోర్డు వాడడం రావట్లేదు. రెండ్రోజులు ట్రైనింగ్ ఇచ్చీయండి, చాలు."

జబ్బు పేరూ మందు పేరూ రెండూ ఆయనే చెప్పేశారు. ఇలాంటప్పుడు ముందు వెళ్ళి తరగతిలో వెనక బెంచీలో వారం రోజులు కూర్చోవాలి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి, ఆయన తొందర పెడుతున్నారు, ఎదురు చెప్పడానికి మొహమాటం. ఒప్పుకున్నాను.

మొదటి తప్పు: ట్రైనింగ్

రెండ్రోజులు ప్యానెల్ మీద రాయడం, చెరపడం, బొమ్మ లాగడం, స్క్రీన్ రికార్డు చేయడం నేర్పాను. టీచర్లు చక్కగా నేర్చుకున్నారు. చివర్లో ఫొటో దిగాం, బిర్యానీ తిన్నాం. జూలైలో వెళ్ళి చూస్తే ఒక్కటీ వాడటం లేదు. వాళ్ళకి రాక కాదు. వీడియో నొక్కి పక్కకి నిలబడుతున్నారు, అంతే.

లెక్కల మాస్టారు ఒడియా ఆయన, నెమ్మదస్తుడు. ప్రతి మాటకీ "ఆజ్ఞా" (మన "అండీ" లాంటిది) అనే మనిషి. ఎందుకు వాడట్లేదని అడిగితే చిన్నగా నవ్వి, తెలుగు, ఒడియా కలిపి చెప్పారు: "ఆజ్ఞా, పీరియడ్ నలభై నిమిషాలు. బోర్డు ఆన్ అవడానికి, లాగిన్‌కి పది పోతాయి. కరెంటు పోతే మళ్ళీ పది. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?"

ఇన్వర్టర్ ఆఫీసు గదికి మాత్రమే ఉంది. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అప్పుడు కూర్చున్నాను వెనక బెంచీలో, నాలుగు రోజులు. భిన్నాల పాఠం. వీడియోలో ఎవరో అమ్మాయి చక్కటి ఇంగ్లీషులో పిజ్జాని ముక్కలు చేస్తోంది. పిజ్జా ఎప్పుడూ తినని పిల్లలు రంగుల వైపు చూస్తున్నారు. వీడియో అయిపోగానే మాస్టారు "బుఝిలొ?" అన్నారు, అర్థమైందా అని. "యెస్ సార్" అని తరగతి మొత్తం ఒకే గొంతు. నా పక్కన కూర్చున్న పిల్లని 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అని నోటుబుక్కులో రాసి అడిగాను. 1/4 చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టింది. నాలుగు పెద్దది కదా మరి.

ఆ తెర ఎంత బాగా చూపించినా, ఈ పిల్ల తలలో ఏముందో మాస్టారికి చెప్పలేదు. అంతకుముందు సుద్దముక్కతో లెక్క వేసేటప్పుడు ఆయన మధ్యమధ్య వెనక్కి తిరిగి మొహాలు చూసేవారు, ఎవరో ఒకరిని లేపి అడిగేవారు. వీడియో వచ్చాక ఆ కాస్తా పోయింది. గది చీకటి చేసి అందరూ ఒకవైపే చూస్తుంటే ఎవరికి అర్థం కాలేదో ఎలా తెలుస్తుంది? మార్కులు ఎందుకు తగ్గాయో నాకు అక్కడే సగం తెలిసింది. తెలిసి కూడా తప్పు దారి పట్టాను.

రెండో తప్పు: ట్యాబ్లెట్లు

ఒక్కో పిల్లాడి తలలో ఏముందో తెలియాలంటే ఒక్కో పిల్లాడికీ ఒక తెర ఉండాలి అనుకున్నాను. నా వెనక ఆధారం కూడా ఉంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద జరిగిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లో, హిందీలో బాగా మెరుగుపడ్డారని తేలింది. దాన్ని చూపించి మేనేజ్‌మెంట్‌ని ఒప్పించి ఇరవై ట్యాబ్లెట్లు తెప్పించాను.

ఆ అధ్యయనంలో ఏముందో మళ్ళీ చదివితే నాకే సిగ్గేసింది. అది బడి పీరియడ్‌లో జరిగింది కాదు, బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో జరిగింది. వారానికి ఆరు రోజులు, రోజుకి 90 నిమిషాలు. అందులో సగం సేపు కంప్యూటరు, మిగతా సగం చిన్న గుంపుకి ఒక మనిషి కూర్చుని చెప్పడం. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ లెక్కలు హిందీలో, అంటే పిల్లలకి వచ్చిన భాషలో జరిగాయి. నేను వీటిలో ఒక్కటీ తేలేదు. పెట్టె ఒక్కటే తెచ్చాను.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. ముప్పై నాలుగు మందికి ఇరవై ట్యాబ్లెట్లు. ఒకడు నొక్కుతాడు, ఇంకొకడు చూస్తాడు, నొక్కేవాడు ఎప్పుడూ వాడే. ఛార్జింగ్‌కి ప్లగ్గులు చాలవు. బీరువా తాళం చెవి ప్రిన్సిపాల్ దగ్గర, ఆవిడ మీటింగులో. యాప్ ప్రతి పిల్లాడికీ పుట్టిన తేదీ, తండ్రి ఫోన్ నంబరు అడిగింది. క్లాస్ టీచర్ కూర్చుని అన్నీ నింపేసింది కూడా. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని వాళ్ళంతా పిల్లలే, వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అది నేను ముందే ఆపాల్సింది. ఆ తర్వాత ఖాతాలన్నీ తీయించాం. ఆరు వారాలకి ట్యాబ్లెట్లు బీరువాలో పడుకున్నాయి.

కరస్పాండెంట్ గారు నన్ను ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

అసలు జబ్బు ఏదో చూడటం

దసరా సెలవులకి ముందు ఒక పని చేశాను. మొదటి రోజే చేయాల్సిన పని. భిన్నాల మీద పది ప్రశ్నలు ఇంగ్లీషులో కాగితం మీద ఇచ్చాను. మూడు రోజుల తర్వాత అవే లెక్కలు, అంకెలు మార్చి, ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి నోటితో అడిగాం. తెలుగు పిల్లల్ని నేను అడిగాను, ఒడియా పిల్లల్ని మాస్టారు. పిజ్జా లేదు. "ఒక అరిసెని ముగ్గురు పంచుకున్నారు, ఇంకో అరిసెని నలుగురు. ఎవరికి పెద్ద ముక్క వస్తుంది?"

తరగతిలో 34 మంది. 19 మంది తెలుగు ఇళ్ళ నుంచి, 10 మంది ఒడియా, 5గురు సవర. పదికి ఆరు పైన వచ్చినవాళ్ళని లెక్కేస్తే ఇంగ్లీషు కాగితం మీద 11 మంది, నోటితో అడిగితే 23 మంది. అంటే 12 మందికి భిన్నాలు వచ్చు, ప్రశ్న అర్థం కావట్లేదు. మిగిలిన 11 మందిలో ఆరుగురికి భిన్నాలే రావు. ఐదుగురు సవర పిల్లలు. వాళ్ళని సవరలో అడిగే మనిషి మా దగ్గర లేడు, ఒడియాలో అడిగాం. కాబట్టి వాళ్ళకి లెక్క రాదో, ప్రశ్నే అందలేదో ఈ పరీక్ష చెప్పదు.

ముప్పై నాలుగు మంది పిల్లల పరీక్షని పెద్ద పరిశోధన అనను. కానీ ఆ సాయంత్రం మాస్టారు ఆ కాగితం చాలాసేపు పట్టుకు కూర్చున్నారు. "నేను వీళ్ళని మొద్దులనుకున్నాను, ఆజ్ఞా" అన్నారు.

రెండు రకాల పిల్లలకి రెండు రకాల పని కావాలి. భాష దగ్గర ఆగిపోయిన పన్నెండు మందికి మళ్ళీ భిన్నాలు మొదటి నుంచి చెబితే విసుగొస్తుంది. భిన్నాలు రాని ఆరుగురికి తెలుగులో అదే పాఠం గబగబా చెప్పినా లాభం లేదు. వీడియో ఇద్దరికీ ఒకటే. ఎవరు ఏ వైపు ఉన్నారో మాస్టారికి రోజూ తెలిస్తే సగం పని అయినట్టే. పది నిమిషాల్లో, కరెంటు లేకపోయినా, ట్యాబ్లెట్లు లేకుండా తెలియాలి.

ఒక ఫోను, అట్టముక్కలు

ప్లికర్స్ అని ఒకటి ఉంది. ఒక్కో పిల్లాడికి ఒక అట్టముక్క, దాని మీద క్యూఆర్ కోడ్ లాంటి నల్లటి బొమ్మ. ఏ ఇద్దరి బొమ్మా ఒకటి కాదు. అట్ట నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఎ, బి, సి, డి అని ఉంటుంది. జవాబు బి అనుకుంటే బి పైకి వచ్చేలా అట్ట పట్టుకోవాలి. టీచర్ తన ఫోన్ కెమెరాని తరగతి మీద ఒకసారి తిప్పితే ఎవరు ఏ జవాబు పట్టుకున్నారో ఫోన్లో వచ్చేస్తుంది. పక్కవాడిది చూసి పట్టుకోవడం కష్టం, వాడి బొమ్మ వేరు. పేర్ల బదులు రోల్ నంబర్లే ఎక్కించాం.

ఇందులోనూ మొదటి వారం తిప్పలు పడ్డాం. చాలాకాలం ఉంటాయని అట్టలకి మెరిసే లామినేషన్ చేయించాను. కిటికీ వెలుతురు పడి ఫోను సగం అట్టల్ని చదవలేదు. మళ్ళీ మామూలు మందపు కాగితం మీద ప్రింటు తీయించాం. కొందరు బొమ్మ మీద వేళ్ళు పెట్టేస్తారు. మొదటి బెంచీ పిల్లాడు అట్ట ముఖానికి అడ్డం పెట్టుకుని వెనకాల నవ్వుకుంటాడు. ఇవన్నీ పది రోజుల్లో సర్దుకున్నాయి.

పీరియడ్ మొదట్లో మూడు ప్రశ్నలు, అంతే. ఆ తర్వాత ఏం చేయాలన్న దానికి ఒక పాత పద్ధతి తీసుకున్నాను. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో మొదలుపెట్టింది. సుమారు 70 శాతం కంటే ఎక్కువ మంది సరిగ్గా చెబితే ముందుకి వెళ్ళిపోవాలి. 30 కంటే తక్కువైతే పాఠం మళ్ళీ చెప్పాలి. మధ్యలో ఉంటే జవాబు చెప్పకుండా, పక్కవాళ్ళతో మాట్లాడుకోమని చెప్పి మళ్ళీ అడగాలి. వచ్చినవాడు రానివాడికి నచ్చజెప్పుకుంటాడు.

గొడవంతా ఆ మాట్లాడుకోవడం దగ్గరే వచ్చింది. బడిలో ఇంగ్లీషు తప్ప వేరే మాట వినిపిస్తే ఐదు రూపాయలు ఫైను. పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకోమంటే గుసగుసగా రెండు ముక్కలు అని ఊరుకుంటున్నారు. ఆ రెండు నిమిషాలు తెలుగు, ఒడియా, సవర ఏదైనా మాట్లాడనివ్వండి అన్నాను. ప్రిన్సిపాల్ మేడమ్ ససేమిరా అన్నారు. "సార్, పేరెంట్స్ డబ్బు కడుతున్నదే ఇంగ్లీషు కోసం. రేపు గేటు దగ్గర తెలుగు వినబడితే పక్క బడికి పోతారు."

ఆవిడ భయంలో నిజం ఉంది. అందుకే 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి వరకు, వీలైతే ఎనిమిది దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంటోందని నేను చెప్పినా ఆవిడ కదల్లేదు. కదిలించింది వరండాలో తీసిన ఆ 11, 23 అంకెలు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. ఆలోచించుకోవడం ఏ భాషలోనైనా, చేయెత్తి చెప్పే జవాబు ఇంగ్లీషులో. ఆ రెండు నిమిషాలకి ఫైను లేదు. నా లెక్కలో ఈ కేసు మొత్తంలో పనిచేసింది ఇదే. అట్టముక్కలు ఆ రెండు నిమిషాలకి తలుపు తీశాయి, అంతే.

మొదటి రోజు 1/3, 1/4 ప్రశ్నకి 34లో 14 మంది సరి. మాట్లాడుకోమన్నాం. గది అంతా సంతలా అయిపోయింది. "అరిసె రా, అరిసె! నలుగురికి పంచితే నీకేటి మిగులుతాది?" అని ఒకడు అరుస్తున్నాడు. మళ్ళీ ఫోను తిప్పితే 27.

గోడ మీద మాటలు

ఉత్సాహం వచ్చి ఇంకో పని చేశాను. లెక్కల మాటలు మూడు భాషల్లో గోడకి అంటించాను. తెలుగు లవం, హారం అంటే ఒడియాలో లబ, హర. వ్యాసం అక్కడ బ్యాస. పరిధి పరిధే, కోణం కోణే. భిన్నం మాత్రం ఒడియాలో భగ్నాంశ. చూసి నాకే ముచ్చటేసింది. సైన్సు టీచర్ కూడా తన గోడ మొదలుపెట్టింది. ఫోటోసింథసిస్ అంటే మనకి కిరణజన్య సంయోగక్రియ, ఒడియాలోనూ బరువైన మాటే. మా రెండు భాషల మాటల కంటే ఇంగ్లీషు మాటే తేలిక అని ఆవిడ నవ్వింది.

వారం తర్వాత తెలిసింది, తెలుగు వరుస ఎవరూ చదవడం లేదని. చదవడం రాదు. ముందే చెప్పాను కదా, మాట ఉంది, అక్షరం లేదు. నాకు తెలిసిన విషయమే, గోడ దగ్గర నిలబడ్డప్పుడు మరిచిపోయాను.

అప్పుడు గోడ వదిలి గొంతుకి మారాం. మాస్టారు ఒడియాలో, తెలుగు వచ్చిన సోషల్ టీచర్ తెలుగులో, ఆ రోజు పాఠంలో ముఖ్యమైన ఒక్క సంగతిని ఒకటిన్నర నిమిషం ఆడియోగా చెప్పి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడతారు. పెట్టే టైము రాత్రి ఎనిమిది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అప్పటికి తండ్రితో ఇంటికి చేరుతుంది. మధ్యాహ్నం పెడితే ఎవరూ వినరు. వీడియో పెడితే డేటా అయిపోతుందని తల్లులు తెరవరు. ఆడియో అయితే వంట చేస్తూ కూడా వింటారు. ఒకావిడ ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు హారం అంటే ఇన్నాళ్ళూ మెడలో వేసుకునేదే అనుకున్నానని నవ్వింది. ఆవిడ ఆడియో విందని నాకు అదే రుజువు.

ప్యానెళ్ళ సంగతి

ఆరు ప్యానెళ్ళూ ఉన్నాయి, కిస్తీలూ ఉన్నాయి. వాటిని పారేయమని నేను చెప్పలేదు. ఆరో తరగతి గదికి ఇన్వర్టర్ లైను లాగించాం. పాత ల్యాప్‌టాప్ ఒకటి హెచ్‌డీఎంఐ తీగతో ప్యానెల్‌కి తగిలించి వదిలేశాం, లాగిన్ గోల పోయింది. అందులో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు దించి పెట్టాం. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి. డబ్బు కట్టక్కర్లేదు, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. మాటలు తక్కువ. పిల్లాడు వచ్చి తెర మీద ముక్కలు లాగి భిన్నం పేరుస్తాడు, తప్పయితే వెంటనే కనిపిస్తుంది.

ఏ పాఠానికి ప్యానెల్ ఆన్ చేయాలి అన్నదానికి మాస్టారు తనే ఒక కొలత పెట్టుకున్నారు. కదిలితే తప్ప అర్థం కానిది అయితే ఆన్, లేకపోతే సుద్దముక్క. కోణం తిరగడం, భిన్నం ముక్కలవడం, సైన్సులో సర్క్యూట్ వెలగడం. వారానికి రెండు మూడు సార్లకి మించదు. మిగతా ఐదు తరగతుల్లో ఇంకా వీడియోలే నడుస్తున్నాయి, వాటి జోలికి నేను పోలేదు. ఒక తరగతిలో కుదిరింది ఆరింటికీ ఒకేసారి పులిమితే మళ్ళీ ట్రైనింగ్, బిర్యానీ కథే అవుతుంది.

జనవరి చివర్లో అలాంటివే పది ప్రశ్నలు మళ్ళీ ఇంగ్లీషు కాగితం మీద ఇచ్చాం. ఆరు పైన వచ్చినవాళ్ళు 11 నుంచి 22కి వెళ్ళారు. దీన్ని మొత్తం అట్టముక్కల ఖాతాలో వేయను. నేను వారం వారం వెళ్ళి కూర్చోవడం, మాస్టారు మారిపోవడం, పిల్లలు మూడు నాలుగు నెలలు పెద్దవడం, అన్నీ అందులో ఉన్నాయి. ప్యాకేజీ ఒప్పందం వచ్చే మార్చిలో అయిపోతుంది, మళ్ళీ కట్టొద్దని చెప్పాను. కరస్పాండెంట్ గారు ఆలోచిస్తున్నారు. ఫ్లెక్సీ మీద ఏం వేసుకోవాలన్నది ఆయన టెన్షన్. అట్టముక్కల ఫొటో అడ్మిషన్లు తేదు కదా.

సవర పిల్లలు

ఆ 22లో ఐదుగురు సవర పిల్లల్లో ఒక్కరే ఉన్నారు. రెండు నిమిషాలు ఏ భాషైనా అన్నాం కానీ, ఐదుగురినీ వేర్వేరు బెంచీల్లో కూర్చోబెట్టి ఉంచాం. వాళ్ళు ఎవరితో మాట్లాడతారు? డిసెంబరులో గానీ ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు ఒకే వరుసలో కూర్చుంటున్నారు.

గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో పర్లాకిమిడిలోనే బడిపంతులుగా చేరారు. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్నారు, పుస్తకాలు రాశారు. ఇన్నేళ్ళ తర్వాత, అంత దగ్గర ఊళ్ళో, ఆరు ప్యానెళ్ళూ ఇరవై ట్యాబ్లెట్లూ ఉన్న బడిలో మాకు సవర వచ్చిన మనిషి హాస్టల్ ఆయా ఒక్కరే. ఆవిడ చదువుకోలేదు. అయినా మాస్టారు భిన్నాల సంగతి ఒడియాలో చెబితే విని, వార్డెన్ ఫోన్లో సవరలో చెబుతోంది. ఇప్పటికి మూడు ఆడియోలు అయ్యాయి. హాస్టల్లో రాత్రి అన్నం ముందు పెడుతున్నారు. ఆవిడకి ఆ పనికి విడిగా జీతం ఇవ్వాలని రాసి ఇచ్చాను.

నాలుగోది దశాంశాల మీద. ఒడియాలో దశమిక అన్న మాట ఉంది, ఆవిడకి అదీ కొత్తే. అంకెల మధ్య పెట్టే ఆ చుక్కని ఏమనాలో ఆవిడా మాస్టారూ రెండు రోజులుగా మాట్లాడుకుంటున్నారు. ఇంకా తేలలేదు.